సౌండ్ కార్డు ఇప్పుడే కొనకండి: తెల్లవారుజామున వచ్చే చిటపట గురించి

మీరు అడిగింది ఏ సౌండ్ కార్డు కొనాలి అని. నేనేమో అసలు కొనొద్దు అంటున్నాను. కోపం తెచ్చుకోకండి, కార్డు సంగతి కూడా చివర్లో చెబుతాను.

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ అమ్మగారు రాజోలు దగ్గర పల్లెలో ఉండి, అమెరికాలో ఉన్న పిల్లలకి కంప్యూటర్లో వీణ పాఠాలు చెబుతున్నారు. వాళ్ళకి సాయంత్రం అంటే మనకి తెల్లవారుజాము కాబట్టి నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా క్లాసులు. కంప్యూటరు నాలుగేళ్ళ కిందటి డెస్క్‌టాప్, అందులో విండోస్ 10, సౌండు మదర్‌బోర్డు మీద ఉన్నదే. వీణకి అంటించిన కాంటాక్ట్ మైకు వైరు సిపియు ముందువైపున్న గులాబీ రంగు జాక్‌లోకి వెళుతుంది. వినడానికి రెండు స్పీకర్లు. కొన్ని నెలలుగా చిటపట, గరగర. పగలు తక్కువ, క్లాసు టైముకి భరించలేనంత. విండోస్ రెండుసార్లు మళ్ళీ వేయించారు, స్పీకర్లు మార్చారు, తగ్గలేదు. షాపతను సౌండ్ కార్డు పోయింది, కొత్తది వేద్దాం అన్నాడు.

నేను పాలకొల్లులో ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్లూ సౌండ్ సిస్టమ్‌లూ బాగుచేస్తున్నాను. సౌండ్ కార్డు పోతే సాధారణంగా సౌండే రాదు, లేదా ఒక పక్క రాదు, లేదా విండోస్‌కి ఆ కార్డు కనపడదు. గడియారం చూసుకుని తెల్లవారుజామున మాత్రమే పాడయ్యే చిప్పుని నేను ఇంతవరకూ చూడలేదు. మీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైన ముక్క ఆ టైమే. దాని దగ్గరికి వద్దాం గానీ, ముందు చిటపట ఎక్కడ పుడుతోందో తేల్చాలి. అది తేలకుండా ఏం మార్చినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఆడాసిటీ అని ఉచితంగా దొరికే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేసుకోండి. పగలు ఒకసారి, తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి, అమ్మగారు వీణ వాయిస్తుంటే రెండేసి నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత మైకు పీకేసి, ఏమీ వాయించకుండా అదే రెండు టైముల్లో ఇంకో నిమిషం. మొత్తం నాలుగు ఫైళ్ళు. వాటిని ఆ కంప్యూటర్లో వినకండి. ఫోన్లోకి ఎక్కించుకుని ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ఫోన్లో కూడా చిటపట ఉంటే అది మైకు దారిలోనే లోపలికి వచ్చింది. ఫోన్లో శుభ్రంగా ఉండి స్పీకర్లలో మాత్రమే వస్తుంటే బయటికి వెళ్ళే దారిలో పుడుతోంది. రెండుచోట్లా శుభ్రంగా ఉండి అమెరికా పిల్లలు మాత్రమే గోల పెడుతుంటే ఇంటర్నెట్టో, క్లాసు చెప్పే యాప్ సెట్టింగులో కారణం. పది నిమిషాల పని. రెండుసార్లు విండోస్ వేయించే ముందే ఇది చేసి ఉండాల్సింది. మీ తప్పు కాదు లెండి, చెప్పేవాళ్ళు చెప్పలేదు.

ఆ ఫైళ్ళని చెవితోపాటు కంటితో కూడా చూడండి. ఆడాసిటీలో చిటపట వచ్చిన చోట బాగా దగ్గరికి జూమ్ చేస్తే సౌండు ఒక అల లాగా కనిపిస్తుంది. ఆ అల తల నరికినట్టు పైన చదునుగా ఉంటే సౌండు మరీ ఎక్కువ పెట్టి రికార్డు చేశారని అర్థం, తీగ గట్టిగా మీటినప్పుడల్లా గరగర వస్తుంది. అల నున్నగా వెళుతూ ఉన్నట్టుండి తెగిపోయి, ఇంకోచోట మొదలైతే కంప్యూటరు సౌండుని సమయానికి అందుకోలేకపోయింది. అల మీద సన్నటి సూది లాంటి గీత ఒక్కటి నిలబడితే అది కరెంటు నుంచో వదులు వైరు నుంచో వచ్చిన పోటు. ఏమీ వాయించని ఫైల్లో కూడా సన్నటి అల ఆగకుండా ఒకే తీరుగా నడుస్తుంటే, దాని రెండు శిఖరాల మధ్య దూరం కొలవండి. 20 మిల్లీసెకన్లు ఉంటే అది 50 హెర్ట్జ్, మన కరెంటు గుయ్యిమనే సౌండు. 10 మిల్లీసెకన్లు ఉన్నా దాని చుట్టమే.

ఇక తెల్లవారుజాము సంగతి. మీ ఊరి చుట్టూ రొయ్యల చెరువులు ఉన్నాయనే అనుకుంటున్నాను, రాజోలు వైపు లేని ఊరు తక్కువ. ఎండ ఉన్నంతసేపూ చెరువులోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అది ఆగిపోతుంది, రొయ్యలూ నాచూ అన్నీ కలిసి ఉన్నది వాడేస్తాయి. అందుకని తెల్లారే ముందు చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఆ గంటల్లోనే తిరుగుతాయి. ఒక్కోటి ఒకటో రెండో హార్స్‌పవర్ల మోటారు. మోటారు ఆన్ చేసిన క్షణంలో అది మామూలుగా తీసుకునేదానికి అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. స్టార్టర్లు టపటప పడుతుంటాయి. చెరువులకి ట్రాన్స్‌ఫార్మర్ వేరే ఉన్నా, పైన 11 కెవి లైను ఒకటే అయితే ఆ ఊపు మీ ఇంటిదాకా వస్తుంది. సాకెట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ వోల్టు మీటరు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. మధ్యాహ్నం మూడింటికి ఎంత చూపిస్తోందో, తెల్లవారుజామున అయిదింటికి ఎంత చూపిస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి.

వోల్టేజి తగ్గినంత మాత్రాన కంప్యూటరు సౌండు పాడవదు. సిపియులో ఉండే పవర్ సప్లై 230 కాస్తా 190 అయినా లోపల ఇవ్వాల్సిన 12 వోల్టులూ 5 వోల్టులూ ఇస్తూనే ఉంటుంది. ఇబ్బంది పడేవి చుట్టూ ఉన్నవి. ఒకటి యూపీఎస్. వోల్టేజి పడినప్పుడు దాన్ని పైకి లేపడానికి అందులో రిలే అనే స్విచ్చు ఒకటి టక్కుమని మారుతుంది, మళ్ళీ పెరిగితే ఇంకోసారి టక్కుమంటుంది. అలా మారిన ప్రతిసారీ స్పీకర్లలో ఒక చిటుక్కు వినిపించవచ్చు. పైగా చౌకరకం యూపీఎస్ బ్యాటరీ మీదికి వెళితే అది ఇచ్చే కరెంటు నున్నటి అల కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. దాని మీద నడిచే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్పీకరైతే బుర్రుమంటుంది. ఇంటి ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌ది అయినా అంతే. మీకు యూపీఎస్ ఉందో లేదో మీరు చెప్పలేదు. ఉంటే క్లాసు టైములో దాని దగ్గర చెవి పెట్టి వినండి. ఆ టక్కు, ఈ చిటుక్కు ఒకేసారి వస్తుంటే దొంగ దొరికినట్టే.

రెండోది ఎర్తింగ్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన డెల్టాలో నేను చూసిన గుయ్యి, గరగర కేసుల్లో ముందు అనుమానించాల్సింది ఇదే.

చెప్పులు లేకుండా నేల మీద నిలబడి సిపియు వెనకవైపు ఇనప రేకుని వేలి వెనక భాగంతో మెల్లిగా తాకి చూడండి. జివ్వుమంటే ఎర్తు లేదు. గట్టిగా కొడితే మాత్రం మళ్ళీ ముట్టుకోకండి, ప్లగ్గు తీసేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఆ జివ్వు ఎందుకంటే, పవర్ సప్లైలో ఫేజుకీ రేకుకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కీ రేకుకీ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. రొదని ఎర్తులోకి పంపించడం వాటి పని. ఎర్తు తీగ లేకపోతే పంపడానికి దారి లేక, సిపియు రేకు మొత్తం 230లో సగం, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది. కానీ మీ మైకు వైరు లోపలి లోహపు తొడుగు, స్పీకరు వైరు లోపలి తొడుగు, అన్నీ ఆ రేకుకే కలిసి ఉంటాయి. అప్పుడు లైన్లోకి వచ్చిన ప్రతి పోటూ, ఫ్యాను రెగ్యులేటరు రొదా, చౌక ఎల్ఈడీ బల్బు రొదా సౌండులోకి దిగుతుంది.

మూడు పిన్నుల సాకెట్ ఉంది కదా అని ధైర్యపడకండి. చాలా ఇళ్ళలో ఆ పెద్ద రంధ్రం వెనక తీగే ఉండదు. తీగ ఉన్నా అది భూమిదాకా చేరదు. అంతర్వేది వైపు ఒక ఇంట్లో అన్ని సాకెట్లకీ పచ్చ తీగ బ్రహ్మాండంగా లాగి ఉంది, కొత్త వైరింగు. అయినా గుయ్యి ఆగలేదు. పెరట్లో ఎర్తు గొయ్యి తవ్వించి చూస్తే జిఐ పైపుకి తీగ బిగించిన క్లాంపు తుప్పు పట్టి పొడి పొడిగా రాలిపోయింది. తీగ గాల్లో ఉంది. మన డెల్టా నేలలో నీళ్ళు పైనే ఉంటాయి కాబట్టి ఎర్తు బాగా దొరుకుతుంది, అది అదృష్టం. సముద్రం దగ్గరి ఉప్పు నేల ఇనుముని తినేస్తుంది, అది దురదృష్టం. బొగ్గూ ఉప్పూ వేసి కట్టిన గొయ్యిలో ఆ ఉప్పే మళ్ళీ పైపుని తింటుంది. అందుకని గొయ్యి ఒకసారి కట్టి మర్చిపోయేది కాదు, రెండు మూడేళ్ళకి ఒకసారి మూత తీసి బిగింపులు చూసుకోవాలి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు సాకెట్లో మూడు కొలతలు తీయమనండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర, ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకుండా ఉండాలి. ఈ పని మీరు చేయకండి, అతన్నే చేయనివ్వండి. ఇంకో మాట, బాగా గట్టిగా చెబుతున్నాను. గుయ్యి పోతుందని ప్లగ్గుకి ఉన్న ఎర్తు పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. కొన్నిసార్లు నిజంగానే గుయ్యి పోతుంది కూడా. ఇనప తీగలున్న వీణ ఒళ్ళో పెట్టుకుని, దానికి అంటించిన మైకు వైరు ఆ సిపియులోకి వెళుతుంటే, అమ్మగారికీ షాకుకీ మధ్య ఉన్నది ఆ పిన్నే. విరవకండి.

ఎర్తు బాగున్నా గుయ్యి వస్తుంటే, సిపియూ స్పీకర్లూ వేరువేరు సాకెట్లలో ఉన్నాయేమో చూడండి. రెండు ఎర్తు దారులు స్పీకరు వైరు ద్వారా కలిసి చుట్టు తిరుగుతాయి. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి తీసుకుంటే సగం సార్లు పోతుంది. అప్పటికీ పోకపోతే స్పీకరు వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, కొత్త సౌండ్ కార్డు ధర కంటే చాలా తక్కువ.

ఇప్పుడు మైకు. ఇక్కడ మీది నూటికి నూరుపాళ్ళూ తప్పు జాక్. కాంటాక్ట్ మైకు లోపల ఉండేది పీజో బిళ్ళ, అంటే అదురుని కరెంటుగా మార్చే బిళ్ళ. దాన్ని తగిలించే పరికరం లోపలి నిరోధం పది లక్షల ఓమ్‌ల దాకా ఉంటేనే దాని సౌండు నిండుగా వస్తుంది. కంప్యూటరు గులాబీ జాక్‌కి ఉండేది కొన్ని వేల ఓమ్‌లే. దాంతో మంద్రం పోయి, వీణ పీలగా డబ్బా మీద తీగ కట్టినట్టు వినిపిస్తుంది. సౌండు చాలక మీరు విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ 30 డెసిబెల్స్ పెట్టి ఉంటారు, పందెం కాస్తాను. 30 డెసిబెల్స్ అంటే వీణతోపాటు రొద కూడా ముప్పై రెట్లు. దానికి తోడు ముందువైపు జాక్‌లు. వాటి వైరు మదర్‌బోర్డు అడుగు నుంచి ఫ్యాన్లనీ గ్రాఫిక్స్ కార్డునీ రాసుకుంటూ వెళుతుంది. మౌస్ కదిపినా పేజీ జరిపినా స్పీకర్లలో చిర్ చిర్ మంటే అది ఆ దారిలో ఎక్కిన రొదే.

మైకుతోపాటు బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (మైకు సౌండుని పెంచి ఇచ్చే చిన్న డబ్బా) ఉంటే దాన్ని వెనకవైపు నీలం రంగు జాక్‌లో పెట్టండి, బూస్ట్ సున్నా చేయండి. ప్రీయాంప్ లేకపోతే అదొకటి కొనండి. రికార్డింగులో గట్టిగా మీటినప్పుడు కూడా శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి, మామూలు వాయింపు మైనస్ 12 దగ్గర ఉంటే చాలు. స్పీకర్లు కూడా వెనక ఆకుపచ్చ జాక్‌లోకి మార్చండి.

జాక్ పెట్టే ముందు టార్చి వేసి లోపలికి చూడండి. సముద్రం గాలికి లోపలి రేకులు నల్లబడతాయి, ఆకుపచ్చ చిలుము పడుతుంది. పిన్నుని పెట్టి గుండ్రంగా తిప్పితే చిటచిటమంటే అదే కారణం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మందుల షాపులోనో ఎలక్ట్రానిక్స్ షాపులోనో తెచ్చి, కంప్యూటరు పూర్తిగా ఆపి ప్లగ్గు తీసి, పిన్నుకి కొంచెం రాసి పదిసార్లు పెట్టి తీయండి. ఆరాకే ఆన్ చేయండి. కొబ్బరినూనె మాత్రం పోయకండి. నవ్వకండి, పోసి తెచ్చినవాళ్ళు ఉన్నారు. కోనసీమలో కీలు కిర్రుమన్నా జాక్ చిటపటలాడినా మందు ఒకటే అనుకుంటారు. నూనెకి దుమ్ము అంటుకుని, చీమలు వచ్చి, ఆ జాక్ చివరికి మార్చాల్సి వచ్చింది.

వానాకాలం అయితే సిపియు మూత కూడా ఒకసారి తీయించి దుమ్ము ఊదించండి. ఎండు దుమ్ము పెద్దగా హాని చేయదు, చెమ్మ తగిలిన దుమ్ము కొంచెం కరెంటుని పోనిస్తుంది. 2022 జూలై గోదావరి వరదలప్పుడు లంక గ్రామాల నుంచి నా దగ్గరికి వచ్చిన సిపియుల్లో నీళ్ళు తాకనివి కూడా ఉన్నాయి. అటక మీద గోనెసంచిలో నెల రోజులు ఉండి చెమ్మ పట్టినవి. తుడిచి ఆరబెట్టాక వాటిలో చాలావాటికి సౌండు దానంతటదే బాగైంది.

ఇదంతా బయటి సంగతి. జూమ్ చేసి చూసినప్పుడు అల తెగిపోయి కనిపిస్తే మాత్రం తప్పు లోపల, సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అదెలా జరుగుతుందో చెబుతాను. ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఊహించుకోండి. కింద కుళాయి ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, మోటారు అప్పుడప్పుడూ వచ్చి ట్యాంకు నింపుతుంది. మోటారు రావడం ఆలస్యమై ట్యాంకు ఖాళీ అయితే కుళాయి బుడబుడమని గాలి కక్కుతుంది. సౌండ్ కార్డు ఆ కుళాయి. సెకనుకి 48,000 శాంపిళ్ళు, అంటే సౌండుని కొలిచిన అంకెలు, దానికి పడాల్సిందే, ఒక్క క్షణం ఆగదు. ట్యాంకు పేరు బఫర్. 256 శాంపిళ్ళ బఫర్ అయితే అది 5.3 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది, 1,024 అయితే 21 మిల్లీసెకన్లు ఆగుతుంది. మోటారు మీ ప్రాసెసర్. అది ఎంత బలమైనదైనా, వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో (ఆ పరికరాలని నడిపే ప్రోగ్రాములు) దాన్ని పది మిల్లీసెకన్లు పట్టుకుని వదలకపోతే ఈలోపు ట్యాంకు ఎండిపోతుంది. స్పీకర్లలో చిటుక్కు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్రాసెసర్ పది శాతం కూడా వాడకంలో ఉండదు, అందుకే జనం మోసపోతారు. నేనూ మోసపోయాను. ఇక్కడ పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడికి ఒకటి తర్వాత ఒకటి రెండు సౌండ్ కార్డులు మార్చాను, రెండూ అలాగే చిటపటలాడాయి. మూడోరోజు ఇంటర్నెట్ పని చేయట్లేదని అతను వైఫై డాంగిల్ పీకాడు. సౌండు పాలలా అయిపోయింది. రెండు కార్డుల డబ్బులూ తిరిగి ఇచ్చేశాను.

దీన్ని పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది నడుపుతూ ఒక పాట పెట్టి పది నిమిషాలు వదిలేయండి. డ్రైవర్స్ అనే పేజీలో ఏది ఎక్కువసేపు పట్టుకుందో వరసగా చూపిస్తుంది. పేరు ఎన్, డి, ఐ, ఎస్ అక్షరాలతో ఉంటే నెట్‌వర్క్‌ది. డి, ఎక్స్, జి అక్షరాలతో మొదలైతే గ్రాఫిక్స్‌ది. స్టోర్‌పోర్ట్ అని ఉంటే డిస్క్‌ది. రెండు మూడు మిల్లీసెకన్లు దాటినవాడి మీద అనుమానం పెట్టుకోండి, డివైస్ మేనేజర్‌లో దాన్ని కాసేపు డిసేబుల్ చేసి వినండి. వైఫై అని తేలితే రూటర్ నుంచి ల్యాన్ వైరు లాగేయండి. క్లాసులకి ఎలాగూ అదే మంచిది. విండోస్ రెండుసార్లు వేయించినప్పుడు డ్రైవర్లు ఏవి వేశారో కూడా అడగండి. మదర్‌బోర్డు కంపెనీ సైటులో మీ మోడల్ నంబరు కింద ఉన్నవే వేయాలి. డ్రైవర్లన్నీ ఒకేసారి వేసేస్తానని చెప్పే ప్యాక్‌లు వద్దు.

మిగతా సెట్టింగులు త్వరగా చెప్పేస్తాను. టాస్క్‌బార్‌లో స్పీకరు బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి సౌండ్స్‌లోకి వెళ్ళండి. ప్లేబ్యాక్‌లో మీ స్పీకర్ల ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. అడ్వాన్స్‌డ్‌లో 48,000 హెర్ట్జ్ పెట్టండి, రికార్డింగ్‌లో మైకుకి కూడా అదే పెట్టండి. పవర్ ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. పాట మొదలైన మొదటి క్షణంలో మాత్రమే ఒక్క టప్పు వినిపిస్తుంటే అది కరెంటు ఆదాకి నిద్రపోయిన సౌండు చిప్పు లేవడం, దాన్ని వదిలేయండి. రికార్డింగ్‌లో లిజన్ టు దిస్ డివైస్ (మైకు సౌండుని నేరుగా స్పీకర్లలో వినిపించేది) అనే దానికి టిక్కు ఉంటే తీసేయండి. మైకు ఒక యూఎస్‌బీ పరికరం, స్పీకరు మదర్‌బోర్డుది అయినప్పుడు రెండిటి గడియారాలూ వేరువేరు. సెకనుకి ఒక్క శాంపిల్ తేడా వచ్చినా 480 శాంపిళ్ళ బఫర్ ఎనిమిది నిమిషాలకి ఖాళీ అవుతుంది. గడియారం కొట్టినట్టు ఎనిమిదేసి నిమిషాలకి ఒక చిటుక్కు ఎందుకొస్తోందో అర్థంకాక బుర్ర బద్దలుకొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ఫోన్లో విన్న ఫైళ్ళు శుభ్రంగా ఉండి పిల్లలకి మాత్రం వీణ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే, అది చిటపట కాదు, క్లాసుకి వాడే జూమ్ యాప్ చేసే నిర్వాకం. ఆ యాప్ మాట ఏదో రొద ఏదో తానే తేల్చుకుని రొదని కోసేస్తుంది. మాట ఆగి ఆగి వస్తుంది. వీణ నాదం మీటాక సాగుతూ సన్నబడుతుంది. ఫ్యాను సౌండు అనుకుని దాని తోక కోసేస్తుంది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు వీణ మోగించిన సీమ మనది. ఇక్కడి నుంచి వెళ్ళే గమకం సగంలో తెగితే ఎలా? ఆడియో సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజీషియన్స్ అని ఉంటుంది, అది ఎంచుకోండి. కింద హై ఫిడిలిటీ మ్యూజిక్ మోడ్‌కి టిక్కు పెట్టండి. క్లాసు మొదలయ్యాక పైన ఎడమ మూలలో అది ఆన్‌లో ఉందో లేదో మళ్ళీ చూసుకోండి. ఎకో క్యాన్సలేషన్ కూడా ఆపేయవచ్చు, కానీ అప్పుడు అమ్మగారు స్పీకర్లు మానేసి హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి. లేకపోతే పిల్లల గొంతు వాళ్ళకే తిరిగి వినిపిస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు, వైరుదే పెట్టండి.

ఇవన్నీ అయ్యాక కూడా కొనాల్సి వస్తే, సిపియు లోపల బిగించే కార్డు కొనకండి. అది అదే పెట్టెలో, అదే రొద మధ్య, అదే పవర్ సప్లై మీద కూర్చుంటుంది. బయట ఉండే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకోండి, అందులో ఇన్‌స్ట్రుమెంట్ అనో హై-జెడ్ అనో రాసి ఉన్న ఇన్‌పుట్ ఉండాలి. ప్రీయాంప్ విడిగా కొనే పని లేకుండా కాంటాక్ట్ మైకు నేరుగా అందులో పెట్టుకోవచ్చు. హబ్‌లో కాకుండా సిపియు వెనక పోర్టుకే తగిలించండి. నిజం చెప్పాలంటే మీ కేసులో చివరికి ఇది కొంటారనే నా అనుమానం. కాకపోతే చిటపట కోసం కాదు, ఆ పీజో బిళ్ళ కోసం. ఎర్తు లేకుండా కొంటే మాత్రం కొత్త పెట్టెలోంచి పాత గుయ్యే వింటారు.

రేపు తెల్లవారుజామున రెండు పనులు చేయండి. క్లాసుకి ముందు మైకు పీకేసి, ఫోన్లోంచి ఎక్కించిన మంచి పాట ఒకటి ఆ కంప్యూటర్లో పెట్టి వినండి, చిటపట ఉందో లేదో. సిపియు రేకు జివ్వుమంటోందో లేదో చూడండి. ఆ రెండూ, వోల్టు మీటరు చూపించిన అంకెలూ, యూపీఎస్ ఏ రకమో రాయండి. ఆడాసిటీలో చిటపట దగ్గర జూమ్ చేసిన స్క్రీన్ ఫోటో కూడా పెడితే, ఎటు వెళ్ళాలో దాన్ని చూసే చెప్పేస్తాను.